పంట పోయిన ఏడాది కూడా పక్కన నిలిచినవాళ్లు: ‘ద రియల్ డర్ట్ ఆన్ ఫార్మర్ జాన్’ డాక్యుమెంటరీ సమీక్ష

2005లో విడుదలైన ‘ద రియల్ డర్ట్ ఆన్ ఫార్మర్ జాన్’ అనే అమెరికన్ డాక్యుమెంటరీ, ఒక రైతు తన పొలంలోని మట్టిని నోట్లో వేసుకుని రుచి చూడడంతో మొదలవుతుంది. ఈ రోజు నేల రుచిగా ఉందని ఆయన తృప్తిగా చెబుతారు. కాసేపటికి అదే మనిషి మెడలో రంగుల ఈకల దండ వేసుకుని ట్రాక్టరు నడుపుతూ కనిపిస్తారు. మొదటి పది నిమిషాలు చూసినవారు ఇదేదో వింత మనిషి గురించిన వినోద చిత్రమనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. దయచేసి అలా చేయవద్దని ముందే మనవి చేస్తున్నాను. కుటుంబ కమతం ఎలా కూలిపోతుందో, కూలిన కమతం మళ్లీ లేవాలంటే విత్తనాలు, ఎరువులు కాక ఇంకేమి కావాలో ఇంత దగ్గరగా చూపిన చిత్రాలు నేను చాలా తక్కువగా చూశాను.

ఆ రైతు పేరు జాన్ పీటర్సన్. ఆయన పొలం ఇల్లినాయ్ రాష్ట్రంలోని కాలెడోనియా అనే పల్లెలో, చికాగో నగరానికి వాయవ్యంగా దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. దర్శకుడు టాగర్ట్ సీగెల్ ఆయనకు పాత స్నేహితుడు. ఇద్దరి స్నేహం వల్ల పాతికేళ్లకు పైగా సాగిన చిత్రీకరణ ఈ సినిమాకు దొరికింది. వ్యాఖ్యానం పీటర్సన్‌దే, తన కథను తానే రాసుకుని, తన గొంతుతోనే చెప్పారు. నిడివి గంటన్నరకు లోపే. భాష ఇంగ్లీషే అయినా పల్లెటూరి మనిషి నింపాదిగా చెప్పే ఇంగ్లీషు కావడం వల్ల అనుసరించడం కష్టం కాదు.

పీటర్సన్ తల్లి ఆనా 1950ల్లో తన ఇంటిని, పొలాన్ని చిన్న కెమెరాతో తీసిపెట్టుకున్న దృశ్యాలు ఈ చిత్రానికి పునాది. ఆవులు, పందులు, కోళ్లు, పంటలు అన్నీ కలిసి ఉన్న కమతం అది. మగవాళ్లు పొలంలో, పిల్లలు కొట్టాల దగ్గర, బంధువులంతా ఒకే పనిలో ఉన్న ఆ కాలాన్ని బయటివారెవరో వచ్చి తీయలేదు. ఆ ఇంటి ఇల్లాలే తీశారు. అందువల్ల ఆ దృశ్యాల్లో అలంకారం లేదు, ఎవరికో చూపించాలన్న తాపత్రయం లేదు. ఒక మనిషి తనకు ప్రియమైనవాటిని మాత్రమే చూస్తున్న చూపు వాటిలో ఉంది. వాటిని చూస్తున్నంతసేపూ జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళా రైతులు గుర్తుకొచ్చారు. జొన్నలు, సామలు, కొర్రలు కలిపి పండించే తమ సేద్యాన్ని వాళ్లు తామే కెమెరా పట్టి చిత్రాలుగా తీశారు. సాగు చేసే చేతులే కెమెరా పట్టినప్పుడు విత్తనాన్ని ఎంత దగ్గరగా చూపాలో, ఎంతసేపు చూపాలో ఎవరూ నేర్పనక్కరలేదన్న సంగతి ఆనా పీటర్సన్ తీసిన పాత రీళ్లలోనూ తెలుస్తుంది.

తండ్రి మరణించడంతో జాన్ చిన్న వయసులోనే సేద్యాన్ని తన మీద వేసుకోవలసి వచ్చింది. దగ్గరలోని బెలాయిట్ కళాశాలలో చదువుకుంటూ, తిరిగొచ్చి ఆవుల పాలు పితుకుతూ, పొలం దున్నుతూ ఆయన పెరిగారు. కళాశాల స్నేహాల వల్ల 1970ల్లో ఆ పొలానికి చిత్రకారులు, రచయితలు, హిప్పీలు వచ్చి చేరారు. నాటకాలు ఆడారు, పాటలు పాడారు, పనిలో కూడా సాయం పట్టారు. ఈ భాగం చూడడానికి సరదాగా ఉంటుంది కానీ కొంత సాగింది. అసలు కథ దాని తర్వాత వస్తుంది.

1980ల మొదట్లో అమెరికా రైతులను ముంచిన అప్పుల సంక్షోభంలో పీటర్సన్ కమతం కూడా మునిగింది. ఈ సంక్షోభం ఎందుకు వచ్చిందో చిత్రం వివరంగా చెప్పదు. అమెరికన్ ప్రేక్షకులకు తెలిసిన చరిత్రే అనుకుని ఉండవచ్చు కానీ, మన పాఠకుల కోసం ఆ నేపథ్యం కొంత చెప్పడం అవసరం. 1972లో సోవియట్ యూనియన్ పెద్ద ఎత్తున ధాన్యం కొనడంతో ధరలు పెరిగాయి. గట్టు నుంచి గట్టు దాకా ఖాళీ లేకుండా విత్తమని అప్పటి వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ రైతులను ప్రోత్సహించారు. భూమి ధర పెరుగుతూ పోయింది. పెరిగిన ధరను హామీగా చూసుకుని బ్యాంకులు ఇంకా అప్పులిచ్చాయి. రైతులు ఆ అప్పులతో ఇంకొంత భూమి, ఇంకా పెద్ద యంత్రాలు కొన్నారు. 1979 అక్టోబరు నుంచి ద్రవ్యోల్బణాన్ని అణచడానికి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కఠిన విధానం చేపట్టడంతో వడ్డీరేట్లు ఆకాశానికి ఎగిశాయి. 1980 డిసెంబరులో బ్యాంకుల ప్రధాన వడ్డీరేటు 21.5 శాతానికి చేరింది. అదే ఏడాది జనవరిలో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకాలపై అధ్యక్షుడు కార్టర్ ఆంక్ష విధించారు. గిట్టుబాటు లేదు, వడ్డీ ఆగదు, హామీగా పెట్టిన భూమి విలువ కూడా పడిపోయింది. 1985 సెప్టెంబరు 22న రైతుల సహాయార్థం మొదటి ‘ఫార్మ్ ఎయిడ్’ సంగీత కచేరీ జరిగింది కూడా ఇల్లినాయ్‌లోని షాంపేన్ పట్టణంలోనే.

ఇంత చరిత్రనూ చిత్రం ఒక్క మనిషి ముఖం మీద చూపిస్తుంది. ఇల్లు, కొట్టాలు, వాటి చుట్టూ కొద్దిపాటి నేల మాత్రం మిగిలి, తండ్రి చేతుల మీదుగా వచ్చిన భూమిలో చాలా భాగం, దానితోపాటు యంత్రాలు అమ్ముడుపోతాయి. ఆ రోజుల్లో సీగెల్ కెమెరా అక్కడ ఉంది. పీటర్సన్ అప్పటికి యువకుడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతారు. భూమి పోయిన రైతు తనను తాను తప్పుపట్టుకునే తీరు అన్ని దేశాల్లోనూ ఒకటే. వడ్డీరేటును నిర్ణయించింది ఆయన కాదు, ధాన్యం ఎగుమతులను ఆపింది ఆయన కాదు, అయినా పెద్దల ఆస్తిని తానే పోగొట్టానన్న సిగ్గు ఆయననే తింటుంది. 1998లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు వరుసగా జరిగినప్పుడు మన పల్లెల్లో కూడా ఆ సిగ్గునే చూశాం. నకిలీ పురుగుమందులు, పెరిగిన పెట్టుబడి, బయటి అప్పు ఇవన్నీ కారణాలని తెలిసి కూడా, ఇంటి పెద్ద మాత్రం తప్పంతా తనదేనని అనుకున్నాడు. ఆ మానసిక స్థితిని ఏ నివేదిక కంటే కూడా ఈ చిత్రంలోని ఆ కొద్ది నిమిషాలు బాగా చెప్పాయని నా అభిప్రాయం.

ఊరు ఆయనకు తోడు రాలేదు. విచిత్రమైన దుస్తులు వేసుకునే, కళాకారులను చేరదీసే పెళ్లికాని యువకుడు కావడంతో వదంతులు పుట్టాయి. పొలంలో మత్తుమందుల వ్యాపారం జరుగుతోందని, సైతాను పూజలు జరుగుతున్నాయని చెప్పుకున్నారు. ఆ ప్రచారం ఆయనను ఎంత భయపెట్టిందో, ఎంత ఒంటరిని చేసిందో చిత్రం చెబుతుంది. పీటర్సన్ మెక్సికో వెళ్లిపోతారు, తిరిగి వస్తారు, మళ్లీ వెళతారు. ఇక్కడ నాకొక లోటు కనిపించింది. ఇరుగుపొరుగు రైతులు కూడా అదే సంక్షోభంలో నలుగుతున్నవాళ్లే. వాళ్లలో కొందరి భూములు కూడా వేలానికి వెళ్లే ఉంటాయి. వాళ్ల భయం వదంతిగా ఎందుకు మారిందో వాళ్ల నోటనే వినే అవకాశం చిత్రం తగినంత ఇవ్వలేదు. కథకుడూ కథానాయకుడూ ఒక్కరే అయినప్పుడు ఈ ఇబ్బంది తప్పదు.

1990 ప్రాంతంలో ఆయన మిగిలిన కాస్త నేల మీద రసాయనాలు లేకుండా కూరగాయలు పండించడం మొదలుపెట్టి, ఆ పొలానికి ఏంజెలిక్ ఆర్గానిక్స్ అని పేరు పెట్టుకున్నారు. సేంద్రియానికి మారగానే బతుకు మారిపోయిందని చిత్రం చెప్పదు. దాని నిజాయితీకి అదొక గుర్తు. కలుపు పెరిగింది, కూలీ ఖర్చు పెరిగింది, పండించినదాన్ని అమ్ముకునే దారి సరిగా దొరకలేదు. మందులు మానేసినంత మాత్రాన మార్కెట్టు దయ చూపదు. మన దగ్గర ఎకరం రెండెకరాల్లో ప్రకృతి సేద్యం చేసి, పండిన పంటను చివరికి మామూలు ధరకే మార్కెట్టు యార్డులో వదులుకోవలసి వచ్చిన రైతులకు ఈ భాగం విడమరిచి చెప్పనవసరం లేదు.

మలుపు చికాగో నగరం వైపు నుంచి వచ్చింది. పంట కాలానికి ముందే డబ్బు కట్టి, పండినదాన్ని వారం వారం పంచుకుందామనే కుటుంబాలు ఆయనకు దొరికాయి. సీఎస్‌ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, అంటే సమాజం అండతో సాగే సేద్యం) అని పిలిచే ఈ పద్ధతి అమెరికాలో 1986లో రెండు పొలాలతో ఆరంభమైంది: ఒకటి మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, రెండోది న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ సామూహిక పొలం. అంతకుముందే స్విట్జర్లాండు, జర్మనీల్లో ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. 1970ల్లో జపానులో కూడా పురుగుమందుల అవశేషాలకు భయపడిన నగర గృహిణులు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకుని ‘తెయికెయి’ అనే పద్ధతిని నడిపారు.

దీని పనితీరు చూడడానికి తేలిక. రైతు ఏడాది మొత్తానికి విత్తనం, కూలీ, ఇంధనం, తన జీవనం కలుపుకుని ఎంత ఖర్చవుతుందో లెక్కవేస్తాడు. దాన్ని వాటాలుగా విడగొట్టి చలికాలం చివరలోనో వసంతం మొదట్లోనో అమ్ముతాడు. వాటా కొన్న కుటుంబానికి జూన్ నుంచి అక్టోబరు, నవంబరు దాకా ప్రతి వారం ఒక పెట్టె అందుతుంది. అందులో ఏముంటుందో పొలం నిర్ణయిస్తుంది, కొనేవారు కాదు. వేసవి మొదట్లో పాలకూర, ముల్లంగి, లెట్యూస్. నడి వేసవిలో టమాటా, మిరప, దోస. చలి ముదిరేకొద్దీ క్యాబేజీ, బీట్‌రూట్, గట్టి తొక్క గుమ్మడి. వడగళ్లు పడి టమాటా పోతే ఆ వారం పెట్టెలో టమాటా ఉండదు. కట్టిన డబ్బు వెనక్కి రాదు. గుమ్మడి విరగకాస్తే అదే డబ్బుకు రెండింతలు వస్తుంది. అంటే పంట లాభంలోనే కాదు, నష్టంలో కూడా వాటా ఉంటుంది. ఈ చిత్రం నుంచి తెలుగు ప్రేక్షకుడు తీసుకోవలసిన ముఖ్యమైన విషయం నా దృష్టిలో ఇదే. పీటర్సన్ కమతాన్ని నిలబెట్టింది సేంద్రియ పద్ధతి ఒక్కటే కాదు, ఆయన వింత వ్యక్తిత్వం అంతకంటే కాదు; నష్టాన్ని వెయ్యి ఇళ్లు తలాకొంత పంచుకోవడానికి సిద్ధపడడం.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మన దగ్గర నేరుగా అమ్మడానికీ నష్టాన్ని పంచుకోవడానికీ మధ్య ఉన్న తేడాను తరచు మరిచిపోతుంటాం. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రైతు బజార్లు దళారీ లేకుండా రైతునూ కొనుగోలుదారునూ ఎదురెదురుగా నిలిపాయి. అది నిజంగా మంచి పని, దాని మేలు పొందిన కూరగాయల రైతులు చాలామంది ఉన్నారు. అయితే బజారుకు బుట్ట వచ్చిన తర్వాతే కొనేవారి బాధ్యత మొదలవుతుంది. నారు పోసిన రోజున, తెగులు పట్టిన రోజున, వాన ఎగ్గొట్టిన రోజున రైతు ఒక్కడే. ధర కిలో రూపాయికి పడిపోయిన సీజన్లలో మదనపల్లె వైపు టమాటా రైతులు పంటను రోడ్ల మీద పారబోసుకుంటే అయ్యో పాపం అనుకుంటాం తప్ప, ఆ నష్టంలో మన పాలు మనం కట్టే ఏర్పాటు ఏదీ లేదు.

ముందుగా చేతికందే డబ్బు మన రైతుకు కొత్తది కాదు. మిర్చి రైతుకైనా, పత్తి రైతుకైనా విత్తనాల వేళ కమీషన్ వ్యాపారి దగ్గర డబ్బు దొరుకుతుంది. కానీ ఆ డబ్బు వెంట వడ్డీ వస్తుంది, పంట అతని కొట్లోకే తోలాలన్న షరతు వస్తుంది, అతను చెప్పిన ధరకు తల ఊపక తప్పని పరిస్థితి వస్తుంది. పంట పోతే అప్పు మాత్రం పోదు. వచ్చే ఏటికి పెరుగుతుంది. కాలెడోనియా పొలానికి చికాగో కుటుంబాలు కట్టిన డబ్బు కూడా విత్తనాల వేళ వచ్చిందే, కానీ దానికి వడ్డీ లేదు, పంట పోతే తిరిగి కట్టమనే హక్కు లేదు. రెండూ ముందస్తు సొమ్ములే అయినా ఒకటి రైతును కట్టేస్తుంది, ఇంకొకటి విడిపిస్తుంది. ఈ తేడాను ఏ ఆర్థికశాస్త్ర పదజాలం లేకుండా, ఒక పొలం గాథగా చిత్రం మన ముందు పెట్టింది.

ఇటువంటి ఆలోచన మన నేలకు బొత్తిగా పరాయిదని కూడా అనలేం. కళ్లం దగ్గర కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేర కొలిచి ఇచ్చే రోజుల్లో, పంట బాగా పండితే ఊళ్లో అందరి గాదెల్లోకీ కొంత చేరేది, కరువొస్తే అందరికీ తగ్గేది. కులాల కట్టుబాటుకు, అణచివేతకు లోబడి నడిచిన ఆ ఏర్పాటును తిరిగి కోరుకోనవసరం లేదు, కోరుకోకూడదు కూడా. ఇష్టపడి చేరి, ఇష్టం లేనప్పుడు వైదొలగే స్వేచ్ఛ ఉన్న సీఎస్‌ఏ పద్ధతి దానికంటే ఎంతో న్యాయమైనది. అయినా పొలం బాగోగులతో నేరుగా ముడిపడిన తిండి అంటే ఏమిటో మన పెద్దలకు అనుభవంలో ఉన్న సంగతేనని గుర్తుచేయడానికి ఈ మాట చెప్పాను.

చిత్రంలో నన్ను బాగా కదిలించిన ఘట్టం, పొలానికి ఆనుకుని ఉన్న భూమి విషయంలో సభ్యులు చేసిన పని. ఒకప్పుడు అప్పుల కింద కరిగిపోయిన కమతం, ఇప్పుడు విస్తరించడానికి నేల కావలసిన స్థితికి వచ్చింది. ఆ పక్క భూమిని సభ్యులే డబ్బు పోగుచేసి కొని పొలానికి కౌలుకు ఇచ్చారు. బ్యాంకు చేయనిది, ప్రభుత్వం చేయనిది, వారం వారం కూరగాయల పెట్టె తీసుకుపోయే నగరవాసులు చేశారు. కౌలు అంటే మన దగ్గర ఏమిటో తెలిసినవారికి ఈ ఘట్టం విలువ వేరే చెప్పనక్కరలేదు. నోటి మాట మీద భూమి తీసుకుని, ముందే కౌలు చెల్లించి, బ్యాంకు రుణానికీ పంట బీమాకూ నోచుకోక మిగిలే కౌలురైతులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఉన్నారు. భూమి యజమాని తన కౌలుదారు పంట బాగుండాలని మనసారా కోరుకునే ఏర్పాటు ఒకటి సాధ్యమేనని ఇక్కడ కళ్లారా చూడవచ్చు.

పీటర్సన్ అనుసరించే బయోడైనమిక్ సేద్యం గురించి చిత్రం చూపేది తక్కువే. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన ఈ పద్ధతిలో ఆవు కొమ్ములో పేడ నింపి శరదృతువులో భూమిలో పాతి, చలికాలం గడిచాక తీసి, అందులో కొద్దిగా తీసుకుని నీళ్లలో కలిపి చాలాసేపు గిలక్కొట్టి పొలమంతా చల్లుతారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం చేసుకునే మన రైతులకు ఇది పరిచయమున్న లోకమే అనిపిస్తుంది. పీటర్సన్‌కు దాని మీద గాఢమైన నమ్మకం ఉంది. పంట మార్పిడి, పచ్చిరొట్ట, కంపోస్టు వీటి వల్ల వచ్చిన ఫలితమెంతో, కొమ్ము ఎరువు వల్ల వచ్చిందెంతో చిత్రం విడదీసి చూడలేదు. నమ్మకాన్ని నమ్మకంగానే చూపి వదిలేసింది. ఈ విషయంలో మరింత తెలుసుకోవాలనుకునే రైతు వేరే చోట వెతుక్కోవాలి.

అంతకంటే పెద్ద లోటు లెక్కల విషయంలో ఉంది. వాటా ధర ఎలా నిర్ణయించారు? పెట్టెలు నగరానికి చేర్చడానికి ఎంత ఖర్చయింది? ఒక ఏడాది చేరిన సభ్యుల్లో మరుసటి ఏడాదికి ఎందరు మిగిలారు? రైతుకు చివరికి చేతిలో ఏం మిగిలింది? ఈ ప్రశ్నలకు చిత్రంలో జవాబు దొరకదు. సీఎస్‌ఏ నడిపే ఎవరినడిగినా, ప్రతి వసంతంలోనూ సభ్యులను మళ్లీ కూడగట్టుకోవడమే అసలు కష్టమని చెబుతారు. పెట్టెలో వచ్చిన ఆకుకూరలు వండుకునే తీరిక లేక మానేసేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. పొలంలో వంగి కలుపు తీసి, ముల్లంగి కడిగి, పెట్టెలు సర్దే పనివాళ్లు తెరమీద కనిపిస్తారు గానీ వాళ్ల కూలి ఎంతో, వాళ్ల బతుకు ఎలాంటిదో వినిపించదు. రైతుకు న్యాయం జరగాలని కోరే చిత్రం, కూలీకి జరిగే న్యాయం గురించి కూడా అంతే శ్రద్ధగా చెప్పి ఉండాల్సింది. ఈ లోపాన్ని చిన్నదిగా చూడలేను.

ఈ పద్ధతి విస్తృతి గురించి కూడా ప్రేక్షకుడికి ఒక అంచనా ఉండాలి. అమెరికా వ్యవసాయ శాఖ 2015లో జరిపిన సర్వే ప్రకారం సీఎస్‌ఏ ద్వారా అమ్మిన పొలాలు 7,398. వాటి అమ్మకాలు 22.6 కోట్ల డాలర్లు. ఆ దేశంలో మొత్తం పొలాల సంఖ్య 20 లక్షలకు అటూ ఇటూ అని గుర్తుంచుకుంటే ఇది ఎంత చిన్న వాటానో తెలుస్తుంది. ఏంజెలిక్ ఆర్గానిక్స్ వెయ్యికి పైగా కుటుంబాలకు కూరగాయలు పంపే స్థాయికి ఎదిగిందంటే, దానికి చికాగో అంతటి నగరం దగ్గరలో ఉండడం ఒక ముఖ్య కారణం. నగరానికి దూరంగా మొక్కజొన్న, సోయా మాత్రమే పండే ప్రాంతాల్లో ఇదే ఫలితం వస్తుందనుకోవడానికి వీల్లేదు. చిత్రం ఈ హెచ్చరిక చేయదు.

చిత్రంలో జాన్ తర్వాత గుర్తుండిపోయే మనిషి ఆనా పీటర్సనే. పొలం ముందు కూరగాయలు పేర్చిన చిన్న దుకాణంలో కూర్చుని, వచ్చినవారితో కబుర్లు చెబుతూ అమ్మే ఆ వృద్ధురాలు కొడుకు వింత పోకడలను సమర్థించలేదు, తిరస్కరించలేదు; అతని పక్కనే ఉన్నారు. భర్త పోయాక, భూమి పోయాక, ఊరు మాటలన్నాక కూడా ఆమె ఆ ఇంట్లోనే నిలిచారు. ఆమె మరణాన్ని చిత్రం చాలా మర్యాదగా, ఏడుపు సంగీతం జోలికి పోకుండా చూపింది. కుటుంబ వ్యవసాయం అనే మాటలో కుటుంబం అన్న భాగాన్ని మోసేది ఎక్కువగా ఆడవాళ్లేనని ఉపన్యాసం ఇవ్వకుండానే తెలియజేసింది. కూర్పు కూడా మెచ్చుకోదగినది: 1950ల రీళ్లు, 1980ల చిత్రీకరణ, తర్వాతి పొలం దృశ్యాలు ఒకదానిలోకి ఒకటి సాఫీగా ప్రవహిస్తాయి. అదే కొట్టం మూడు కాలాల్లో కనిపించినప్పుడు ఏ వ్యాఖ్యానమూ అవసరం ఉండదు. రంగురంగుల వేషాల దృశ్యాలు మాత్రం నాలుగైదు తగ్గించినా నష్టం లేదు. ఆ సమయం పొలం లెక్కలకు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఈ చిత్రాన్ని ఎవరు చూడాలని అడిగితే ముందుగా అమెరికాలో ఉన్న తెలుగువారికి చెబుతాను. నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ వంటి చికాగో శివార్లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో చాలామంది రైతు కుటుంబాల నుంచి వెళ్లినవారే. ఊళ్లో పొలం కౌలుకిచ్చి, పండగకు వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూసి వెళ్లేవారే. వారు తమకు దగ్గరలోని ఏదో ఒక పొలంలో వాటా తీసుకుంటే కేల్ ఆకుతో పప్పు, చార్డ్ అనే ఆకుకూర కాడలతో పులుసు చక్కగా కుదురుతాయి. వాటాదారులను పొలానికి రమ్మని పిలిచే సీఎస్‌ఏలు చాలా ఉన్నాయి కాబట్టి పిల్లలకు పొలం చూపినట్టూ ఉంటుంది.

ఇక్కడ మన రాష్ట్రాల్లో అయితే రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలోని అపార్టుమెంటు సంఘాలు కలిసి కూర్చుని చూడదగిన చిత్రమిది. తెలుగు వ్యాఖ్యానం లేదు కనుక, పక్కన ఒకరు ఆపి ఆపి చెప్పగలిగితే మంచిది. సమయం తక్కువైతే హిప్పీల భాగం దాటవేసి, భూమి అమ్ముడుపోయే ఘట్టం దగ్గర మొదలుపెట్టి, సభ్యులు పక్క పొలం కొనే దాకా చూపినా సరిపోతుంది. ఆ తర్వాత రైతులూ నగరవాసులూ అక్కడే కూర్చుని, రెండెకరాల కూరగాయలకు ఒక సీజనులో అయ్యే ఖర్చు ఎంత, దాన్ని ఎన్ని ఇళ్లు పంచుకుంటే ఒక్కో ఇంటికి ఎంత పడుతుంది, పంట దెబ్బతిన్న ఏడాది ఏం చేయాలి అన్న లెక్క కాగితం మీద వేసుకోవచ్చు. చిత్రం చెప్పకుండా వదిలేసిన లెక్క అదే. దానికి కావలసిన అంకెలు మన రైతుల దగ్గరే ఉన్నాయి.